మెడలో బిళ్ళ కడితే

పెదవేగి వెళ్ళారా ఎప్పుడైనా? ఏలూరికి కొద్ది మైళ్ళ దూరం. చూడ్డానికి మామూలు పల్లెటూరే. కానీ ఒకప్పుడది వేంగీనగరం, శాలంకాయనుల రాజధాని. ఆ వైభవం ఇప్పుడు దిబ్బల అడుగున ఉంది. 1980లలో పురావస్తు శాఖవారు కొంత తవ్వి చూశారు. దిబ్బనైతే తవ్వి చూడొచ్చు గానీ, మనిషి మెడను తవ్వి చూస్తామా!

మెడలో బిళ్ళ కడితే మన పెద్దవాళ్ళు ఏ పట్టో వేసి ఊరుకునేవారు. చాలాసార్లు అదే తగ్గిపోయేది కూడాను. సుశ్రుతుడు మాత్రం గ్రంథి, అపచి, అర్బుదం, గలగండం అన్నిటినీ ఒకే అధ్యాయంలో పెట్టి, విడివిడిగా లక్షణాలు చెప్పాడు. ఆయన పరికరాలు కన్నూ, చెయ్యీ, అంతే.

థైరాయిడ్ కాన్సరు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అందులో తరచుగా వచ్చే పాపిల్లరీ రకం ముందు పాకేది మెడలోని లింఫు గ్రంథులకే. భయపడకండి, అది నిదానమైన జబ్బు. వైద్యం సరిగా జరిగితే చాలామంది హాయిగా బతుకుతారు. కాకపోతే ఏ గ్రంథికి పాకిందో ముందే కనిపెట్టకపోతే అది లోపలే మిగిలిపోయి, రెండోసారి కత్తికి మెడ వంచాల్సి వస్తుంది.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టి భార్య చేతి ఎముకలు, వేలి ఉంగరంతో సహా, లోకానికి చూపించాడు. కానీ మెత్తని బిళ్ళలు ఎక్స్‌రేకు చిక్కవు. థైరాయిడ్‌లో అయొడిన్ ఉందని బౌమన్ కనిపెట్టిందీ దాదాపు ఆ రోజుల్లోనే. ఆ గ్రంథికి అయొడిన్ అంటే అంత ఆపేక్ష! దాన్ని ఆధారం చేసుకునే 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ రేడియో అయొడిన్‌తో థైరాయిడ్ రోగికి వైద్యం చేశాడు. తర్వాత పదేళ్ళకు, ఆ అయొడిన్ ఎక్కడ చేరిందో గీసి చూపే యంత్రాన్ని కాసెన్ తయారుచేశాడు. మన దేశంలో ఈ విద్యకు బొంబాయిలో 1963లో రేడియేషన్ మెడిసిన్ సెంటరు వెలిసింది. కానీ ఇందులో ఓ చిక్కుంది. థైరాయిడ్ ఉన్నంతసేపూ అయొడిన్‌నంతా అదే తాగేస్తుంది, పక్కనున్న చిన్న బిళ్ళలు బయటపడవు. అందుకే ఈ పరీక్ష గ్రంథి తీసేసిన తర్వాతే ఎక్కువ పనికొస్తుంది.

ఇక అల్ట్రాసౌండ్. స్కానింగనగానే మనకు గర్భిణీలే గుర్తుకొస్తారు. గ్లాస్గో డాక్టరు ఇయాన్ డొనాల్డ్ దాన్ని వాడిందీ అక్కడే మరి. కానీ మెడ విషయంలో నేటికీ మొదటి పీట దీనిదే. మంచి లింఫు గ్రంథి చిక్కుడుగింజలా కోలగా ఉండి, నడుమ తెల్లని గీతతో కనిపిస్తుంది. చెడితే గుండ్రంగా ఉబ్బి, గీత మాయమై, లోపల ఇసుకరేణువుల్లాంటి సున్నపు చుక్కలో, నీటి తిత్తులో కనిపించవచ్చు. రేడియేషన్ లేదు, ఖర్చూ తక్కువే. అయితే యంత్రం ఎంత గొప్పదైనా పట్టిన చెయ్యి నేర్పరిది కావాలి. పటం చదవడం కూడా ఒక విద్యే. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, అమెరికాలో పేరు తెచ్చుకుని, 1986లో హైదరాబాదు నిమ్స్‌కు డైరెక్టరుగా వచ్చిన కాకర్ల సుబ్బారావుగారి పేరు ఈ విద్యతోనే నిలిచింది.

గొంతుగొట్టం వెనకా, రొమ్ముటెముక చాటునా ఏముందో అల్ట్రాసౌండ్‌కు అందదు. అక్కడ 1971లో హౌన్స్‌ఫీల్డ్ తెచ్చిన సీటీ స్కాన్ పనికొస్తుంది. దానికోసం ఎక్కించే మందులో మళ్ళీ అయొడినే! అది ఒంట్లో ఉన్న కొన్ని వారాలూ రేడియో అయొడిన్ వైద్యం ఆగాల్సిందే. ఎమ్మారైకి ఈ బెడద లేదు గానీ, గుటక వేస్తే బొమ్మ చెదురుతుంది. ఏ స్కానూ ఆఖరి తీర్పు చెప్పదు. అనుమానమున్న బిళ్ళలోంచి సన్నని సూదితో చుక్క తీసి చూస్తారు. అందులో థైరోగ్లోబులిన్ బాగా ఉంటే దొంగ దొరికినట్టే. థైరాయిడ్ సరుకుకు లింఫు గ్రంథిలో పనేమిటి?

అలాగని ఏ జబ్బూ లేనివాళ్ళం వరసకట్టి మెడ స్కాన్ చేయించుకోవాలా? దక్షిణ కొరియాలో అదే జరిగింది. 1993తో పోలిస్తే 2011 నాటికి బయటపడ్డ థైరాయిడ్ కాన్సర్లు పదిహేను రెట్లు పెరిగాయి. చావులు మాత్రం తగ్గలేదు, పెరగలేదు. ఎంతమంది మెడలు అనవసరంగా కోశారో! 2014లో అక్కడి డాక్టర్లే కొందరు ఆరోగ్యవంతులకు ఈ పరీక్ష వద్దని గట్టిగా చెప్పారు. ఏడాది తిరక్కుండా ఆపరేషన్లు బాగా తగ్గాయి.