వేగవంతమైన కారుకు తక్కువ ఖర్చులో మంచి టైర్లు: ఎంపికలో తెలుసుకోవలసిన విషయాలు

హోసూరు, సూళగిరి, బాగలూరు, బేరికై, వేపనపల్లి, తళి ప్రాంతాల పల్లెలలో కారు నేడు అపురూపమైన వస్తువు కాదు. కర్మాగారాలలోను, బెంగళూరు కార్యాలయాలలోను ఉద్యోగాలు చేసే యువకులు సాధారణ కార్లతో తృప్తి పడక, టర్బో ఇంజిను గల చురుకైన కార్లను కూడా ఇంటికి తెస్తున్నారు. కొత్తది కొనలేనివారు నాలుగైదేళ్లు వాడిన బండిని బేరం చేసి కొంటారు. ఆ బండికి టైర్లు మార్చే రోజు వచ్చినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. మంచి టైర్లు నాలుగు వేయించాలంటే ఒక నెల జీతంలో పెద్ద భాగం పోతుంది. అందువల్ల “ఏదో ఒకటి, చవకగా వేసేయండి” అనే మాట దుకాణంలో సహజంగానే వినిపిస్తుంది.

టైర్ల విషయంలో ఖర్చు తగ్గించుకొనడం తప్పు కాదు. ఎక్కడ తగ్గించుకోవచ్చునో, ఎక్కడ తగ్గించుకోరాదో తెలియకపోవడమే ప్రమాదకరం. ఆ తేడాను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

టైరుపై ఇంత పట్టింపు ఎందుకు?

కారు ఎంత పెద్దదైనా, ఇంజిను ఎంత శక్తిమంతమైనా, నేలను తాకేది నాలుగు టైర్ల అడుగుభాగమే. ఒక్కొక్క టైరు నేలకు ఆనే మేర సుమారు ఒక అరచేయంత ఉంటుంది. వేగం పుంజుకొనడం, మలుపు తిరగడం, బ్రేకు వేసి ఆపడం, ఈ మూడూ ఆ నాలుగు అరచేతుల పట్టు మీదనే జరగాలి. వేగం రెట్టింపయితే బ్రేకు వేసిన తరువాత బండి ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది. కనుక వేగంగా పోగల కారుకు టైరు పట్టు మరింత అవసరం.

మన ప్రాంతపు దారులను గమనించండి. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుండి కృష్ణగిరి వైపు పోయే 44వ జాతీయ రహదారి (పాత లెక్కలో 7వ నంబరు) పల్లానికి దిగుతుంది. ధర్మపురి దాటి సేలం వైపు సాగితే, ప్రమాదాలకు పేరుపడిన తొప్పూరు కనుమ వస్తుంది. అదే కారు సాయంత్రానికి దెంకణికోట వైపు గుంతల రోడ్డు మీదనో, ఊరి మట్టిబాట మీదనో నడవాలి. పగలు వెడల్పాటి రహదారి, సాయంత్రం పల్లెబాట, ఈ రెండింటికీ సరిపోయే టైరే మనకు కావలసినది. పరుగుపందెపు బండికి వాడే టైరు మనకు పనికిరాదు. నిదానపు బండికి వేసే అతి చవక టైరూ పనికిరాదు.

టైరు పక్కన ఉన్న అక్షరాలను చదవడం

టైరు పక్కగోడపై అచ్చువేసిన అంకెలు, అక్షరాలు దాని జాతకం వంటివి. “195/55 ఆర్16 87వి” అనే ఉదాహరణను తీసుకుందాం. పోలో జీటీ చివరి సంవత్సరాల బండ్లు, బలేనో ఆర్ఎస్, అబార్త్ పుంటో, ఐ20 ఎన్ లైన్ వంటి చురుకైన చిన్న కార్లలో కనిపించే కొలత ఇదే.

ఇందులో 195 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 55 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతమని అర్థం. ఆర్ అనే అక్షరం రేడియల్ నిర్మాణాన్ని, 16 అనేది అంగుళాలలో రిమ్ము వ్యాసాన్ని తెలుపుతాయి. 87 అనేది మోయగల బరువుకు సంకేతం. 87 అంటే ఒక్కొక్క టైరు 545 కిలోలు, 91 అంటే 615 కిలోలు మోయగలదు.

చివరి అక్షరం వేగ సంకేతం. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు, టి అంటే 190, హెచ్ అంటే 210, వి అంటే 240, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300. “మన రోడ్లమీద 240లో ఎవరు పోతారు, టి అక్షరం చాలదా?” అని కొందరు అడుగుతారు. ఆ అక్షరం వేగాన్ని మాత్రమే సూచించదు. నలుగురు మనుషులు, సామాను, మిట్టమధ్యాహ్నపు ఎండ, గంటలకొద్దీ ఎడతెగని పరుగు కలిసినప్పుడు పుట్టే వేడిని టైరు ఏ మేరకు తట్టుకోగలదో కూడా అది సూచిస్తుంది. కారు తయారీదారు వి అక్షరపు టైరు వేసి పంపితే, ధర తక్కువని టి అక్షరపు టైరుకు దిగజారరాదు. పైమెట్టు టైరు వేయించవచ్చును గాని, కిందిమెట్టుకు రారాదు. బండితో వచ్చిన పుస్తకంలోను, డ్రైవరు తలుపు అంచున అంటించిన కాగితంలోను సరైన కొలత ఉంటుంది. ఆ కాగితాన్ని ఫోటో తీసుకొని దుకాణానికి వెళ్లండి.

పుట్టిన తేదీని చూడండి

టైరు వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. పక్కగోడపై డాట్ అనే మాటతో మొదలయ్యే వరుస చివరన నాలుగు అంకెలు ఉంటాయి. 2325 అని ఉంటే అది 2025వ సంవత్సరం 23వ వారంలో తయారయిందని అర్థం. ఈ అంకెలు టైరుకు ఒకవైపు మాత్రమే ఉండవచ్చును. కనుక రిమ్ముకు ఎక్కించక ముందే చూసుకోవాలి. కొనే రోజుకు ఏడాది లోపు తయారైన టైరును అడగడం ఉత్తమం. తగ్గింపు ధర పేరుతో మూడేళ్లనాటి సరుకును అంటగడితే ఆ తగ్గింపు నిజమైన తగ్గింపు కాదు. వాడుకలో ఉన్న టైర్లను అయిదేళ్లు దాటిన తరువాత ఏటా నిపుణునికి చూపించాలి. గాడులు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరును వాడరాదు.

పాత కారు కొనేవారు ఈ సంగతిని మరీ గుర్తుంచుకోవాలి. తక్కువ తిరిగిన బండి అని చెప్పినప్పుడు టైర్లు చూడటానికి నిండుగా ఉండవచ్చును. తేదీ చూస్తే ఏడెనిమిదేళ్ల క్రితంది కావచ్చును. అప్పుడు నాలుగు టైర్ల ఖర్చును బేరంలో తగ్గించి మాట్లాడుకోవాలి.

ఎక్కడ డబ్బు మిగుల్చుకోవచ్చు?

మొదటిది, పెద్ద రిమ్ముల మోజును వదులుకొనడం. అందానికని 16 అంగుళాల రిమ్ములు తీసి 17 అంగుళాలవి వేయించేవారు ఉన్నారు. 195/55 ఆర్16 టైరు మొత్తం వ్యాసం దాదాపు 621 మిల్లీమీటర్లు. 205/45 ఆర్17 వ్యాసం 616 మిల్లీమీటర్లు. కొలతలు దగ్గరగానే ఉన్నా, మొదటిదాని పక్కగోడ 107 మిల్లీమీటర్లు కాగా రెండవదానిది 92 మాత్రమే. గుంతలో పడినప్పుడు దెబ్బను ఓర్చుకునేది ఆ పక్కగోడే. అది సన్నబడితే టైరు ఉబ్బుతుంది, రిమ్ము వంగుతుంది. టైరు ధర కూడా పెరుగుతుంది. పల్లెబాటల మీద నడిచే బండికి కంపెనీ ఇచ్చిన కొలతే చవక, అదే క్షేమం.

రెండవది, స్వదేశీ తయారీని పరిశీలించడం. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిపై నియంత్రణ విధించింది. అయితే మన చుట్టుపక్కలనే పెద్ద కర్మాగారాలు ఉన్నాయి. 1946లో మద్రాసులో బొమ్మ బెలూన్ల తయారీతో ఆరంభమైన ఎంఆర్ఎఫ్‌కు తమిళనాట అరక్కోణంలోను, తెలంగాణలో సదాశివపేటలోను కర్మాగారాలున్నాయి. అపోలో సంస్థకు చెన్నై సమీపాన ఒరగడంలోను, ఆంధ్రప్రదేశ్‌లో సత్యవేడు దగ్గరి చిన్నపాండూరులోను కర్మాగారాలున్నాయి. ఇదే సంస్థ 2009లో నెదర్లాండ్స్‌కు చెందిన వ్రెడెస్టైన్‌ను కొనుగోలు చేసింది. జేకే టైర్లు మైసూరులోను, సియట్ టైర్లు శ్రీపెరుంబుదూరు ప్రాంతంలోను తయారవుతున్నాయి. ఈ సంస్థలన్నీ చురుకైన కార్లకు తగిన రకాలను చేస్తున్నాయి. పేరు ఏదైనా పైన చెప్పిన కొలత, బరువు, వేగ సంకేతాలు సరిపోవాలి. ఐఎస్ఐ గుర్తు ఉండాలి.

మూడవది, కిలోమీటరు లెక్క వేసుకొనడం. ఉదాహరణకు 6,000 రూపాయల టైరు 30,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 20 పైసలు పడుతుంది. 7,500 రూపాయల టైరు 45,000 కిలోమీటర్లు నడిస్తే 17 పైసలలోపే పడుతుంది. అరుగుదలను అంచనా వేయడానికి కొన్ని టైర్లపై ట్రెడ్‌వేర్ అంకె ఉంటుంది. 200 ఉన్న రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, త్వరగా అరుగుతుంది. 400 ఉన్నది ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒకే కంపెనీ టైర్లను పోల్చడానికి ఈ అంకె పనికివస్తుంది గాని, వేర్వేరు కంపెనీల మధ్య అంతగా నమ్మరాదు. మన దారులకు నడుమ రకం చాలును. దానితోపాటు తడి రోడ్డు పట్టును తెలిపే ట్రాక్షన్ అక్షరం ఏఏ లేదా ఏ ఉండేలా చూసుకోండి.

నాలుగవది, పన్ను. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పటినుండి హోసూరులో కొన్నా, బెంగళూరులో కొన్నా, కుప్పంలో కొన్నా పన్ను ఒకటే. పన్ను కోసం సరిహద్దు దాటవలసిన పని లేదు. 2025 సెప్టెంబరు 22 నుండి కారు టైర్లపై ఆ పన్ను 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. అంతకుముందరి ధరల పట్టీ చూపించి ఎవరైనా బేరమాడితే ఒప్పుకోకండి. ధరలు మాత్రం దుకాణానికీ దుకాణానికీ మారుతాయి. మూడు చోట్ల విచారించి, బిగింపు, బ్యాలెన్సింగు, వాల్వు, అలైన్‌మెంటు కలిపి మొత్తం ఎంతో అడగండి. బిల్లు లేనిదే వారంటీ అడగలేము. కనుక బిల్లు తప్పక తీసుకోండి.

ఎక్కడ మిగుల్చుకోరాదు?

సెకండ్ హ్యాండ్ టైర్లు ఈ జాబితాలో మొదటివి. నల్లరంగు పూసి మెరిపించిన పాత టైరు లోపల దారాలు తెగి ఉన్నదో, అడుగంటిన గాలితో నడిచి కాలిపోయి ఉన్నదో పైకి తెలియదు. అరిగిన గాడులను తిరిగి కోసి లోతు చూపించే పద్ధతీ ఉన్నది. లారీలకు వాడే రీట్రెడింగు వేగవంతమైన కారుకు తగదు.

గాడుల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటె తగ్గితే చట్టరీత్యా కారు టైరు పనికిరాదు. గాడుల నడుమ ఉండే చిన్న రబ్బరు దిమ్మెలు ట్రెడ్‌తో సమానమైతే ఆ హద్దుకు వచ్చినట్లే. అంతవరకు ఆగడం కూడా మంచిది కాదు. మూడు మిల్లీమీటర్లకు దిగినప్పటినుండే తడి రోడ్డుపై పట్టు బాగా తగ్గుతుంది. గాడులు నీటిని పక్కకు తోసివేయలేక, టైరు నీటిపై తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా బండి తిరగదు, బ్రేకు వేసినా ఆగదు. వానలకు ముందే ఈ పరీక్ష చేయించాలి.

రెండే కొనగలిగితే?

నాలుగూ ఒకేసారి కొనలేని కుటుంబాలు రెండు కొనవచ్చును. ఒకే ఇరుసుకు రెండూ ఒకే రకంగా ఉండాలి. కొత్తవాటిని ముందర వేయాలని చాలామంది అనుకుంటారు. నిజానికి వాటిని వెనుక ఇరుసుకు వేయించాలి. ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోజూస్తుంది, కాలు తీస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. వెనుకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది. దానిని అదుపు చేయడం మామూలు డ్రైవరుకు సాధ్యం కాదు.

కొన్న తరువాత

చవక టైరును ఖరీదైనదిగా మార్చేది అశ్రద్ధ. పదిహేను రోజులకొకసారి, దూరప్రయాణానికి ముందు, ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి. హోసూరు చలిలో బయలుదేరి కృష్ణగిరి ఎండలో ఆగి చూస్తే గాలి ఎక్కువగా కనబడుతుంది. అది వేడివల్ల పెరిగినదే. దానిని తీసివేయరాదు. చల్లబడ్డాక గాలి తక్కువై, మరుసటి ప్రయాణంలో టైరు వేడెక్కి పగిలే ప్రమాదముంది. నైట్రోజన్ తప్పనిసరి కాదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. సమయానికి గాలి చూసుకొనడమే ముఖ్యం.

ఎనిమిది, పది వేల కిలోమీటర్లకొకసారి టైర్ల స్థానాలు మార్పించి, అలైన్‌మెంటు చూపించండి. బాణం గుర్తు ఉన్న టైర్లను అదే పక్కన ముందువెనుకలుగా మాత్రమే మార్చాలి. పక్కగోడ ఉబ్బితే పంక్చరు దుకాణంలో అతుకు వేయించి వాడరాదు, మార్చవలసిందే. డిక్కీలోని స్టెప్నీకి కూడా గాలి, తేదీ చూడటం మరువకండి. కొన్ని కార్లలో అది చిన్న కొలతలో ఉండి, గంటకు 80 కిలోమీటర్ల హద్దుతో వస్తుంది.

దుకాణంలో అడగవలసినవి

1. తలుపు కాగితంలోని కొలత, బరువు, వేగ సంకేతం సరిపోయినవా?
2. తయారీ తేదీ ఏడాది లోపుదేనా? నాలుగింటికీ చూపించారా?
3. ఐఎస్ఐ గుర్తు ఉన్నదా?
4. బిగింపు, బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు కలిపి మొత్తం ధర ఎంత?
5. జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు ఇస్తారా?

ఈ అయిదింటికీ సరైన జవాబు వచ్చిన టైర్లలో ధర తక్కువైనదానిని నిశ్చింతగా తీసుకోవచ్చును. ఒక్కదానికైనా జవాబు రాకపోతే, ఎంత చవకైనా వదలివేయడమే మేలు. రహదారి మీద ఇంటిల్లిపాదినీ మోసేది ఆ టైర్లే గనుక, ఆ కాసేపటి విచారణకు బద్ధకించరాదు.