కొవ్వు నిలువ ఉంటుందా? – షోన్‌హైమర్ పరిశోధనలు

తిండి దొరికినపుడు శరీరం కొవ్వును దాచుకొంటుంది. దొరకనపుడు దానిని వాడుకొంటుంది. ఇది అందరికీ తెలిసిన విషయమే. పంటకాలంలో గాదె నింపుకొని, కరవు వచ్చినపుడు దానిని తెరిచే రైతు వంటిదన్నమాట శరీరం. 1930 ప్రాంతం దాకా శరీరధర్మ శాస్త్రజ్ఞులలో చాలామంది ఇట్లే భావించారు. రోజూ తినే కొవ్వు ఆ రోజుకారోజు దహనమై శక్తినిస్తుంది. చర్మం క్రింద, కడుపులో పేరుకొన్న కొవ్వు మాత్రం అవసరం వచ్చేదాకా కదలకుండా పడి ఉంటుంది. ఈ అభిప్రాయం ఎంతో సబబుగా కనిపిస్తుంది. కాని అది నిజం కాదని రుడాల్ఫ్ షోన్‌హైమర్ ఎలుకల సహాయంతో చూపాడు.

షోన్‌హైమర్ 1898లో బెర్లిన్ నగరంలో జన్మించాడు. వైద్యవిద్య ముగించి, ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో కొలెస్టరాల్‌పై పరిశోధనలు చేస్తూ ఉండగా 1933లో జర్మనీలో నాజీలు అధికారంలోకి వచ్చారు. యూదుడైన ఆయనకు అక్కడ స్థానం లేకపోయింది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాఖాధిపతి హాన్స్ క్లార్క్ ఆయనకు చోటిచ్చాడు. అదే విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ యూరీ 1931లో భార హైడ్రోజన్‌ను (డ్యుటీరియం) కనుగొని ఉన్నాడు. యూరీ శిష్యుడు డేవిడ్ రిటెన్‌బర్గ్ 1934లో క్లార్క్ శాఖలో చేరాడు. ఇద్దరూ కలిసినది ఇక్కడే.

తిన్న కొవ్వు ఒంట్లో ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్నకు త్రాసు జవాబు చెప్పలేదు. ఒంట్లోని కొవ్వుకూ, తిన్న కొవ్వుకూ తేడా కనిపించదు కదా! పది ఇండ్ల బట్టలు కలిసిపోయినా తిరిగి వేరుచేయగలిగేది చాకలి గుర్తు వలననే. అటువంటి గుర్తు ఒకటి కావాలి. 1904లో ఫ్రాంజ్ క్నూప్ కొవ్వు ఆమ్లాలకు బెంజీన్ వలయాన్ని తగిలించి కుక్కలకు తినిపించాడు. గొప్ప ఫలితాలే సాధించాడు. కాని ఆ వలయం శరీరానికి పరాయి వస్తువు. గుర్తు ఉన్నట్లు శరీరానికి తెలియకూడదు, శాస్త్రజ్ఞుడికి మాత్రం తెలియాలి. భార హైడ్రోజన్ అటువంటిది. రసాయన ధర్మాలలో ఇంచుమించు మామూలు హైడ్రోజనే. పరమాణువు బరువు మాత్రం రెట్టింపు. ప్రకృతిలో సుమారు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున మాత్రమే ఉంటుంది గనుక, అంతకు మించి ఎక్కడ కనిపించినా అది మనం పెట్టిన గుర్తే.

వనస్పతి తయారీలో నూనెకు హైడ్రోజన్‌ను కలుపుతారని విద్యార్థులు చదివే ఉంటారు. షోన్‌హైమర్, రిటెన్‌బర్గ్ అవిసె నూనెకు అదే విధంగా భార హైడ్రోజన్‌ను కలిపారు. ఆ కొవ్వును కొద్దిపాటి ఆహారంతో ఎలుకలకు పెట్టారు. ఆహారం చాలక ఎలుకల బరువు తగ్గుతున్నది. ఇటువంటి స్థితిలో తిన్న కొవ్వు వెంటనే దహనం కావాలి. గాదెలో వేసుకొనే తాహతు ఎలుకకు ఎక్కడిది? కొన్ని రోజుల తరువాత ఎలుకల నిలువ కొవ్వును వేరుచేసి, కాల్చి, వచ్చిన నీటిలో భారజలం పాలు కొలిచారు. గుర్తు పెట్టిన కొవ్వులో చాలా భాగం నిలువలోనే ఉన్నది! అనగా ఎలుక తిన్నది నిలువకు చేరుతున్నది. అదే సమయంలో నిలువలోని పాత కొవ్వు ఖర్చయిపోతున్నది. 1935లో ఈ ఫలితాలు ప్రచురితమైనవి.

ఇంకొక ప్రయోగంలో ఎలుకలకు కొవ్వు తక్కువగా ఉన్న ఆహారమూ, భారజలమూ ఇచ్చారు. శరీరంలోని కొవ్వు పెరగలేదు, తరగలేదు. అయినా అందులో భార హైడ్రోజన్ నానాటికీ హెచ్చి, కొద్ది రోజులలో ఒక హద్దుకు చేరి ఆగింది. కొత్త కొవ్వు తయారవుతున్నది; సరిగా అంతే పాత కొవ్వు నశిస్తున్నది. మట్టం మారని చెరువులో నీరు మాత్రం మారుతూనే ఉన్నదన్నమాట. త్రాసుకు ఈ రాకపోకలు అందవు.

తరువాత భార నైట్రోజన్‌తో మాంసకృత్తులను పరీక్షించగా అక్కడా ఇదే కథ. కండరాలలోని పదార్థం సైతం స్థిరం కాదు. కొవ్వు ఆమ్లాలు ఒకదాని నుండి మరొకటిగా మారుతాయనీ, లినోలియిక్ ఆమ్లాన్ని మాత్రం ఎలుక తయారుచేసుకోలేదనీ కూడ ఈ పద్ధతిలోనే తేలింది.

1941 సెప్టెంబరులో, 43 ఏండ్ల వయస్సులో, షోన్‌హైమర్ తన జీవితాన్ని తానే ముగించుకొన్నాడు. హార్వర్డ్‌లో ఇవ్వవలసిన ఉపన్యాసాలు అప్పటికే వ్రాసి పెట్టాడు. వాటిని సహచరులు 1942లో గ్రంథంగా వెలువరించారు. ఆయన వద్ద పనిచేసిన కాన్రాడ్ బ్లాక్ కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాల పరిశోధనలకు 1964లో నోబెల్ బహుమానం పంచుకొన్నాడు.

గుర్తు పెట్టే ఉపాయం అక్కడితో ఆగలేదు. అణ్వస్త్ర పరీక్షల వలన గాలిలోకి, ఆహారం ద్వారా మనుష్యుల ఒంట్లోకి చేరిన కార్బన్-14నే గుర్తుగా తీసుకొని, కొవ్వును దాచే కణాల వయస్సును స్వీడన్ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. పెద్దవారిలో ఈ కణాల సంఖ్య దాదాపు స్థిరంగా ఉన్నా, ఏటా సుమారు 10 శాతం చనిపోయి, వాటి స్థానంలో కొత్తవి పుడుతున్నవని 2008లో ప్రకటించారు.