బంగారు బిందె, వెండి బిందె

క్రీస్తుపూర్వం 352–351. ఏథెన్స్ పౌరసభ కూడింది. అందరి చూపూ ఒక కంచు బిందె మీదే ఉంది.

సభాపతి చేతిలో రెండు తగరపు రేకులు. రెండూ ఒకే కొలత, ఒకే తీరు. మండలి కార్యదర్శి ఒక్కో రేకు మీద ఒక్కో మాట రాసిపెట్టాడు. ఒర్గాస్‌లో ఇప్పుడు సాగవుతున్న నేలను కౌలుకిచ్చి, వచ్చిన సొమ్ముతో ఎలూసిస్ గుడికి ముఖమండపం కట్టి, మరమ్మతులు చేయడం మేలా? ఇది మొదటి రేకు. ఆ నేలను అమ్మవార్లిద్దరి పేరున బీడుగానే వదిలేయడం మేలా? ఇది రెండోది.

సభాపతి రేకులను చుట్టాడు. ఉన్నితో కట్టాడు. జనం చూస్తుండగా కంచు బిందెలో వేశాడు.

ఒర్గాస్ అంటే ఏథెన్స్‌కీ మెగారాకీ నడుమ, ఎలూసిస్ పొలిమేరలో ఉన్న నేల. డెమీటర్‌ది, ఆమె కూతురు పెర్సెఫోన్‌ది. దేవుడి మాన్యం అనగానే మనకు కౌలుదారు గుర్తొస్తాడు. ఏథెన్స్‌లోనూ చాలా గుడి భూములు కౌలుకిచ్చినవే. ఈ నేల సంగతి మాత్రం వేరు: నాగలి తగలకుండా ఉండడమే దాని పవిత్రత. అయినా అంచుల్లో సాళ్లు పడుతూనే వచ్చాయి. పెలొపొనీసియన్ యుద్ధానికి ముందు, అంటే అప్పటికి ఎనభై ఏళ్ల కిందట, మెగారా వాళ్లు పవిత్ర భూమిని దున్నుతున్నారని ఏథెన్స్ మోపిన నేరం ఇదే. కబ్జా ఎప్పుడూ అంచు నుంచే కదా మొదలయ్యేది.

హద్దురాయిని గ్రీకులు 'హొరోస్' అన్నారు. ఏథెన్స్ నడిబొడ్డున ఉన్న సంతమైదానం అగోరాలో దొరికిన ఒక రాయి మీద 'నేను అగోరా హద్దును' అని చెక్కి ఉంది. రాయే నోరు తెరిచి చెబుతుంది! మరి పొలిమేరలో రాయి ఉండాల్సిన చోట లేకపోతే? అది తేల్చడానికి పదిహేను మందిని వేశారు: పౌరుల్లోంచి పదిమంది, మండలి నుంచి ఐదుగురు. నగరంలోని ఎలూసినియన్ గుడిలో, పొసిడియోన్ నెల 16 నుంచి తగవు తెగేదాకా ఆపకుండా విచారించాలి. మొహమాటానికీ పగకూ లొంగబోమని ప్రమాణం చేయాలి. పూజారులు ఉంటారు, ఇష్టమైన పౌరుడెవరైనా వచ్చి కూర్చోవచ్చు. తలుపులు మూసుకొని గీసిన హద్దు కాదన్నమాట.

సభలో తంతు ఇంకా అయిపోలేదు. అథీనా దేవి ఖజానాదారులు ఆమె గుడి ఉన్న కొండ మీంచి రెండు బిందెలు దించారు, ఒకటి బంగారం, ఒకటి వెండి. సభాపతి కంచు బిందెను బాగా కుదిపాడు. మొదట చేతికొచ్చిన రేకు బంగారు బిందెలోకి, రెండోది వెండి బిందెలోకి వెళ్లాయి. మూతలు బిగించి ప్రభుత్వ ముద్ర వేశారు. అనుమానమున్న పౌరుడెవరైనా ఉంటే, తన సొంత ముద్రా పక్కనే వేసుకోవచ్చు! బిందెలు తిరిగి కొండెక్కాయి.

ముగ్గురు మనుషులు డెల్ఫీకి బయల్దేరాలి. భక్తుల ప్రశ్నలకు జవాబిచ్చే అక్కడి అపోలో దేవుణ్ణి అడగాల్సింది ఒక్కటే: బంగారు బిందెలోని రాత ప్రకారం నడుచుకోవాలా, వెండి బిందెలోని దాని ప్రకారమా? భూమి ఊసే లేదు. అడిగేవాళ్లకే తెలియని ప్రశ్నకు ఎవరు ఎవరిని కొనగలరు? అప్పటికి డెల్ఫీ పొరుగునున్న ఫోకిస్ వాళ్ల గుప్పిట్లో ఉంది. వాళ్లు ఏథెన్స్ మిత్రులే. తమాషా ఏమిటంటే, ఆ ఫోకిస్ వాళ్ల మీద యుద్ధం వచ్చిపడింది కూడా డెల్ఫీ దగ్గరి పవిత్ర భూమిని దున్నారన్న నేరంతోనే.

ఈ తతంగమంతా రాతి మీద చెక్కారు, ఒక పలక ఎలూసిస్ గుడి వాకిట, ఒకటి నగరంలో. ఎలూసిస్ పలక దొరికింది. రేకులెలా చుట్టాలో, బిందె ఎవరు కుదపాలో పూసగుచ్చినట్టు చెప్పే ఆ రాయి దేవుడి జవాబు మాత్రం చెప్పదు. చెక్కే నాటికి అది ఇంకా రాలేదు. జవాబు బయటపడింది 1904లో. ఈజిప్టులో దొరికి, అప్పుడు అచ్చయిన పపైరస్ చుట్టలో ఏథెన్స్ వక్త డెమొస్తనీస్ ప్రసంగాలకు డిడిమస్ అనే పండితుడు రాసిన వ్యాఖ్య ఉంది. అందులో ఆండ్రోషన్, ఫిలొకొరస్ అనే పాత చరిత్రకారుల మాటలున్నాయి: దున్నకుండా వదిలేయమన్నాడట దేవుడు.

అయితే, దేవుడి మాటొక్కటే చాల్లేదు. సేనాని ఎఫియాల్టిస్ మెగారా మీదికి దండు నడిపాడు. దాంతో మెగారా దిగొచ్చింది. ఎలూసిస్ ప్రధాన పూజారి లక్రటైడిస్, కాగడా పట్టే పూజారి హియెరొక్లైడిస్ హద్దు గీస్తే తమకు సమ్మతమేనంది. ఫిలొక్రటీస్ పెట్టిన తీర్మానంతో ఆ నేల చుట్టూ రాళ్లు నాటారు.

ఎలూసిస్ గుడి ముఖమండపం ఫలెరాన్ డెమెట్రియస్ ఏలుబడిలో, ఫిలో అనే వాస్తుశిల్పి చేతుల మీదుగా పూర్తయింది. అప్పటికి రేకులు చుట్టి ముప్పై ఏళ్లు దాటింది.