కొత్త చేతికి మౌస్

కంప్యూటర్ నేర్చుకోవడంలో మౌస్‌ను అన్నిటికన్నా తేలికైన పాఠంగా లెక్కేస్తాం. మొదట్లో లెక్క అలా లేదు. 1960ల మధ్యలో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన ప్రకారం బిల్ ఇంగ్లిష్ తొలి మౌస్ చేశాడు. అదొక చెక్క డబ్బా. అడుగున ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా దొర్లే రెండు చక్రాలు. తెర మీద చోటు చూపడానికి ఏ సాధనం మేలో తేల్చాలని దాన్ని లైట్‌పెన్‌తో, జాయ్‌స్టిక్‌తో, బల్ల కింద మోకాలితో కదిపే మీటతో పోల్చి చూశారు. ఫలితాలు 1967లో అచ్చయ్యాయి. అలవాటైనవారి చేతిలో మౌస్‌దే పైచేయి. కొత్తవాళ్లు మాత్రం లైట్‌పెన్‌తోనూ మోకాలి మీటతోనూ మెరుగ్గా పనిచేశారు. అంటే పుట్టుకతోనే ఇది చేయి తిరిగినవారి పనిముట్టు. ఆ తర్వాత వచ్చిన గైడ్లూ క్యాసెట్లూ ఆటలూ అన్నీ కొత్తవారికి పడ్డ ఆ లోటును పూడ్చడానికేనని నాకనిపిస్తుంది.

ఎంగెల్‌బార్ట్‌కు అది లోటుగా తోచలేదు. సాధన చేసిన మనిషి కుడిచేత మౌస్, ఎడమచేత ఐదు మీటల కీసెట్ నడిపిస్తూ పెద్ద పనులు చక్కబెట్టాలన్నది ఆయన కోరిక. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసి చూపించింది కూడా అదే.

సాధన లేనివారి గురించి గట్టిగా ఆలోచించింది జిరాక్స్ పార్క్ ప్రయోగశాలలో. అక్కడ లారీ టెస్లర్, టిమ్ మాట్ పాఠ్యపుస్తకాల ఎడిటర్ల కోసం జిప్సీ అనే రాత ప్రోగ్రామ్ తయారుచేశారు. కావలసిన మాటను మౌస్‌తో ఎంచుకోవడం, కట్, పేస్ట్ అక్కడే కుదురుకున్నాయి. అక్కణ్నుంచి బటన్లు తగ్గుతూ వచ్చాయి: 1973 నాటి ఆల్టోకు మూడు, 1981లో జిరాక్స్ స్టార్‌కు రెండు, 1983లో ఆపిల్ లీసాకు ఒకటి. ఒక్కటే ఉంటే ఏది నొక్కాలన్న సందేహమే రాదు కదా! కానీ మిగిలిన పనులన్నీ ఆ ఒక్క బటన్ మీదే పడ్డాయి, అందుకే డబుల్ క్లిక్ స్థిరపడింది. రెండు నొక్కుల మధ్య మౌస్ కదలకూడదు, ఆలస్యమూ కాకూడదు. పెద్ద వయసులో కంప్యూటర్ ముందు కూర్చున్నవారిని అడిగితే ఇదెంత కష్టమో చెబుతారు. ఆ వేగం తగ్గించుకునే వీలు విండోస్‌లో ఉంది, కాకపోతే అక్కడిదాకా వెళ్లడానికే చాలాకాలం డబుల్ క్లిక్ చేయాల్సి వచ్చింది.

1984లో మాకింటోష్ పెట్టెలో పుస్తకంతో పాటు ఒక డిస్కు, ఒక ఆడియో క్యాసెట్ కూడా వచ్చాయి. టేపులో గొంతు చెబుతుంటే తెర మీద చూస్తూ నేర్చుకోవాలి. యంత్రంతో పాటు గురువునూ పెట్టెలో పెట్టి అమ్మిన పద్ధతి అది. 1990లో విండోస్ 3.0తో వచ్చిన సాలిటేర్‌కు అంత హంగు లేదు. మైక్రోసాఫ్ట్‌లో ఇంటర్న్‌గా ఉన్న వెస్ చెర్రీ సరదాకి రాసిన ఆట. కానీ పేకముక్కను పట్టి లాగి ఇంకో ముక్క మీద వదిలేటప్పుడు డ్రాగ్ అండ్ డ్రాప్ దానంతటదే చేతికి పట్టుబడింది. 1992లో విండోస్ 3.1తో వచ్చిన మైన్‌స్వీపర్ కుడి బటన్‌కూ పని చెప్పింది. ఆఫీసుల్లో పని చెడగొట్టాయని ఈ ఆటలను తిట్టినవారున్నారు. నా లెక్కలో ఏ గైడూ వీటంత బాగా నేర్పలేదు.

మన ఊళ్లలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసైనవారికి కీబోర్డు కొత్త కాలేదు, మౌస్ దగ్గరే చేయి వణికింది. అందుకే కంప్యూటర్ సెంటర్లలో మొదట పెయింట్ తెరిపించి ఇల్లు, కొండలు, సూర్యుడు గీయించేవారు. బల్ల అంచు వచ్చేస్తే మౌస్‌ను ఎత్తి వెనక్కి పెట్టుకోవచ్చని చెప్పడమే ఒక పాఠం. బంతి తీసి లోపలి రోలర్ల మీది మురికి గీకడం ఇంకో పాఠం. ఆప్టికల్ మౌస్ వచ్చాక ఈ రెండోది పోయింది.

బిగింపుదీ ఇంచుమించు ఇదే కథ. 1987లో ఐబీఎం తెచ్చిన పీఎస్/2 సాకెట్లు కీబోర్డుకూ మౌస్‌కూ ఒకే ఆకారంలో ఉండేవి. తప్పు దాంట్లో దూర్చినా సరిగ్గానే కూర్చునేది, పనిమాత్రం చేసేది కాదు. 1990ల చివర్లో కీబోర్డుకు ఊదా, మౌస్‌కు ఆకుపచ్చ రంగు ఖాయం చేశాక గైడులో పేరాలకు పేరాలు అక్కర్లేకపోయాయి. యూఎస్‌బీ వచ్చాక ఆ రంగులతోనూ పని తప్పింది.

ఇప్పటి పిల్లలు ముందు ఫోనే పట్టుకుంటున్నారు. వేలు పెట్టిన చోటే పని జరగడం వాళ్లకు అలవాటు. చేయి బల్ల మీద, చూపు తెర మీద ఉంచే మౌస్ వాళ్లకు మళ్లీ కొత్త. 2017లో ఆంధ్రప్రదేశ్, 2018లో తెలంగాణ ఎంసెట్‌ను కంప్యూటర్ మీదకు మార్చాయి. 2019 నుంచి జేఈఈ మెయిన్ కూడా అంతే. జేఈఈలో అంకెల జవాబును సైతం తెర మీది కీప్యాడ్‌పై మౌస్‌తో నొక్కాలి. ఇంట్లో కంప్యూటర్ లేని విద్యార్థికి అసలు పరీక్షకు ముందు రాసే మాక్ టెస్టే మౌస్ పాఠం కూడా. లెక్కలు వచ్చినా క్లిక్ రాక నిమిషాలు పోగొట్టుకోకుండా ఉండాలంటే దాన్ని ఫోన్‌లో కాక కంప్యూటర్ మీదే రాయాలి.