హారియెట్ కొండమీది విడిది

ఉన్న ఊరిలో ఇల్లుండగా మరొకచోట మరొక ఇల్లు కోరుకోవటం మానవుని పాత కోరికలలో ఒకటి. కలిగినవారు పూర్వం ఊరి వెలుపల తోటలు నాటించి, ఆ తోటలలో మేడలు కట్టుకొన్నారు. నేడు ఐరోపా ఖండంలో ఈ కోరిక కొత్త రూపం ధరించినది. కర్మాగారంలో తయారై, ఒకచోటినుండి మరొకచోటికి తరలింపదగిన చిన్న ఇంటిని కొని, పరదేశపు సముద్రతీరాన నిలిపి, సెలవు దినాలు అక్కడ గడిపేవారు అనేకులు. ఈ ఏర్పాటులో ఒక విశేషం కలదు. ఇల్లు కొన్నవానిది, అది నిలిచిన నేల సాధారణంగా మరొకరిది. ఆ నేలకు ఏటేటా బాడుగ చెల్లించవలె. ఒప్పందం ముగిసిన నాడు ఇంటిని అక్కడినుండి తొలగించవలె. ఇల్లు తనదైనా చోటు తనది కాదనే ఎరుక ఆ కొనుగోలులోనే ఇమిడి ఉన్నది.

ఈ ఎరుక లేకుండా కట్టిన విడిది ఇండ్లు మన దేశ చరిత్రలో ఎన్నో ఉన్నవి. మైదానాల ఎండకు తాళలేక ఆంగ్లేయాధికారులు కొండలెక్కినారు. ఉత్తరాదిన సిమ్లా, దక్షిణాదిన ఉదకమండలం అట్లా వెలసినవే. తెలుగుదేశంలోనూ ఒక ఉదాహరణ ఉన్నది. మదనపల్లె సమీపాన ఉన్న కొండను అక్కడి ప్రజలు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచేవారు. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉండిన డబ్ల్యు. డి. హార్స్లీ దానిపై వేసవి ఇల్లు కట్టుకొన్నాడు. కట్టినది ఇల్లు, పేరుమాత్రం కొండ మొత్తానికి పాకినది. నేటికీ మనం దానిని హార్స్లీ కొండలనే అంటున్నాము.

ఇట్టి కథే అండమాను దీవులలో జరిగినది. కాని అక్కడ అది మరింత కఠినమైన కథ.

1789లో ఆర్చిబాల్డ్ బ్లేర్ ఈ దీవులలో మొదటి వలసను స్థాపించినాడు. రోగబాధచేత 1796లో దానిని విడిచిపెట్టవలసి వచ్చినది. 1857 తిరుగుబాటు తరువాత ప్రభుత్వానికి ఖైదీలను దూరాన ఉంచే చోటు కావలసి వచ్చినది. 1858 మార్చిలో జె. పి. వాకర్ 200 మంది ఖైదీలతో అక్కడ దిగినాడు. ఆ శిక్షను మనవారు ద్వీపాంతరమన్నారు. హిందీవారు కాలాపానీ అన్నారు. అధికారులు రేవు ముఖద్వారాన ఉన్న చిన్న రాస్ దీవిలో నివాసమేర్పరచుకొన్నారు. రేవుకు ఉత్తరాన, నీటికి ఆవల, సుమారు 1,200 అడుగుల ఎత్తైన అడవికొండ ఒకటి వారికి నిత్యం కనిపిస్తూ ఉండేది. 1862 నుండి 1864 వరకు ఆ వలసకు సూపరింటెండెంటుగా ఉన్న రాబర్ట్ టైట్లర్ భార్య పేరు హారియెట్. ఆమె పేరే ఆ కొండకు స్థిరపడినది.

ఈ హారియెట్ జీవితం తెలుసుకోదగినది. 1857 మే నెలలో ఢిల్లీ నగరం తిరుగుబాటుదారుల వశమైనప్పుడు ఆమె నిండు గర్భిణి. భర్తతో, పిల్లలతో ప్రాణాలు దక్కించుకొని పారిపోయినది. తరువాత బ్రిటిష్ సైన్యం ఢిల్లీని ముట్టడించినప్పుడు, సైన్యపు ఖజానా బాధ్యత భర్తదైనందున, ఆమె కూడా ఆ శిబిరంలోనే ఉండిపోయినది. అక్కడ ఆమెకు ఇల్లు లేదు. ఒక బండియే ఇల్లు. జూన్ 21న ఆ బండిలోనే ఆమె ప్రసవించినది. బిడ్డ పేరులో 'ఢిల్లీ ఫోర్స్' అనే మాటలు చేర్చినారు. చక్రాలమీది ఇంటిలో ఉండటమంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా విహారానికై అట్టి ఇంటిని కోరేవారికి తెలియదు. కడకు ఆమె 1907లో సిమ్లాలో మరణించినది. దిక్కులేని రోజులలో బండిలో తలదాచుకొన్న స్త్రీ పేరు ఏలికల వేసవి విడిదికి పేరు కావటం చరిత్రలోని విచిత్రాలలో ఒకటి.

హారియెట్ కొండ క్రమంగా చీఫ్ కమిషనరుకు వేసవి విడిది అయినది. సముద్రపు గాలి, చల్లని నీడ, క్రింద రేవు, దూరాన దీవుల వరుస: విశ్రాంతికి ఇంతకంటె ఏమి కావలెను? కాని ఆ వలసలో అడవి నరికినా, బాట వేసినా, గోడ లేపినా అది ఖైదీల శ్రమయే. ఒకరి విశ్రాంతి మరొకరి శిక్షమీద నిలిచి ఉన్నది.

1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో ఈ కొండ ఎక్కినాడు. అక్కడ ఆరోగ్యనివాసం నెలకొల్పవచ్చునా అని పరిశీలించటం ఆయన ఉద్దేశం. సూర్యాస్తమయాన్ని తృప్తిగా చూచినాడు. చీకటి పడిన తరువాత కొండ దిగి, హోప్‌టౌన్ రేవుమెట్టపై పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ ఆఫ్రిదీ అనే ఖైదీ ఆయనను కత్తితో పొడిచినాడు. ఆయన ఆ రాత్రియే మరణించినాడు. షేర్ అలీ పెషావరులో హత్యానేరానికి శిక్షపడి వచ్చినవాడు. ఆ హోప్‌టౌన్‌లోనే క్షురకవృత్తి చేస్తూ ఉండినాడు. మార్చి 11న వైపర్ దీవిలో అతనిని ఉరితీసినారు. హత్య హత్యయే, దానిని మెచ్చుకోవలసిన పని లేదు. అయినా ఒక విషయం గమనింపదగినది. కొండపైనుండి చూచినవానికి రేవు ఒక సుందర దృశ్యం. కొండక్రింద ఉన్నవానికి అది చెర. ఆ రెండు చూపులు ఆ సాయంకాలం ఒక పడవమెట్టువద్ద ఎదురుపడినవి.

మరి 19 ఏండ్లకు ఆ కొండయే స్వయంగా చెర అయినది. 1891లో ఆంగ్లేయులకు మణిపురానికి యుద్ధం జరిగినది. యువరాజు టికేంద్రజిత్తును, వృద్ధుడైన థంగాల్ జనరలును ఆగస్టు 13న ఉరితీసినారు. మహారాజు కులచంద్రసింహునితోపాటు మరి 22 మందిని అండమానుకు పంపినారు. సెల్యులర్ జైలు నిర్మాణం 1896లోగాని ఆరంభం కాలేదు. అందుచేత వారిని హారియెట్ కొండపై ఉంచినారు. వారికీ అదే గాలి, అదే నీడ, అదే సముద్రం. కాని పాలకుడు తన ఇష్టంవచ్చినపుడు కొండ దిగి పోగలడు. వీరికి ఆ స్వేచ్ఛ లేదు. విడిదికి, చెరకు భేదం గోడలలో లేదు. తిరిగి పోగలిగే హక్కులో ఉన్నది.

ఈ ఇద్దరికంటె ముందుగా ఆ నేల ఎరిగినవారు వేరే ఉన్నారు. 1906 నుండి 1908 వరకు అండమానులో పరిశోధన చేసిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అక్కడి ఆదివాసుల నివాసరీతిని వివరించినాడు. అడవిలో ఉండే తెగలు వానకాలమంతా ఒక స్థిరమైన మకాములో గడిపేవారు. వానలు వెనుదీసిన తరువాత చిన్న చిన్న మకాములు మారుస్తూ తిరిగేవారు. తీరవాసులు దోనెలలో మరింత తరచుగా కదిలేవారు. నాలుగు గుంజలు నాటి, తాటిజాతి ఆకులు కప్పితే గుడిసె సిద్ధం. ఎవరైనా మరణిస్తే ఆ మకామును కొంతకాలం విడిచిపోయేవారు. గుడిసెపై వారికి మమకారం లేదు. కాని ప్రతి గుంపుకూ తన వేటనేల ఏదో నిశ్చయంగా తెలుసు. విహారానికై కదిలే ఇల్లు కొన్నవానికి ఇల్లు సొంతం, నేల పరాయిది. వీరికి ఇల్లు క్షణికం, నేల శాశ్వతం.

ఆ నేలయే వారికి దక్కలేదు. 1859 మే నెలలో అబర్డీన్ వద్ద విల్లంబులతో తుపాకుల నెదిరించి ఓడిపోయినారు. ఆ తరువాత పరాయివారితో వచ్చిన రోగాలు వారిని తుడిచిపెట్టినవి. 1877లో వ్యాపించిన తట్టు అందులో ఒకటి. 1961 జనగణనలో మహా అండమానీయులు 19 మంది మాత్రమే మిగిలినారు.

ఏలికల ఇండ్లు కూడా నిలువలేదు. 1941 జూన్‌లో వచ్చిన భూకంపం రాస్ దీవిని దెబ్బతీసినది. 1942 మార్చిలో జపానువారు దీవులనాక్రమించినారు. నేడు రాస్ దీవిలోని మొండిగోడలను చెట్ల వేళ్లు కౌగిలించుకొని ఉన్నవి. 1956లో చేసిన ఆదిమజాతుల రక్షణ నిబంధన ప్రకారం, వారికై కేటాయించిన ప్రాంతాలలో బయటివారు అనుమతి లేకుండా ప్రవేశింపరాదు, భూమి సంపాదింపరాదు. నూరేండ్ల తరువాత చట్టం నేర్చిన పాఠమిది. 2018లో రాస్ దీవికి నేతాజీ పేరు పెట్టినారు. 2021లో హారియెట్ కొండకు, అక్కడ బందీలైన వీరుల స్మారకంగా, మణిపూర్ పర్వతమని పేరు పెట్టినారు. 2024లో పోర్ట్ బ్లేర్ శ్రీ విజయపురమైనది.

మనకు ఈ దీవులు పరాయివి కావు. 2011 జనగణన ప్రకారం అక్కడివారిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. కూలికి, చేపలవేటకు పోయి అక్కడే నిలిచిన కుటుంబాలు వారిలో అనేకం. విహారానికి పోయే తెలుగువారూ నేడు ఉన్నారు. పూర్వపు 20 రూపాయల నోటు వెనుక ఉండిన దృశ్యం ఈ కొండమీదినుండి కనిపించేదేనని చెప్పుకొంటూ వారు అక్కడికి ఎక్కుతారు. చూడటంలో దోషం లేదు. కాని మన పెండ్లిండ్లలో విడిది అనే మాటకు ఒక మర్యాద ఉన్నది. ఆడపెండ్లివారు చూపిన ఇంటిలో మగపెండ్లివారు దిగుతారు. ఎంత గౌరవం జరిగినా, కార్యం కాగానే ఆ ఇల్లు ఇంటివారికి అప్పగించి తమ ఊరికి పోతారు. ఇంటి పేరు మార్చరు. ఇంటివారిని వీథిలోకి పంపరు. పరుల నేలపై విశ్రాంతి కోరేవారు, ఆ ఇల్లు రాతిదైనా చక్రాలదైనా, ఈ మర్యాదను తమ వెంట తీసుకొనిపోవటం మంచిది.