మా ఊరు పట్నమా, పల్లెటూరా?

మా వైపు రెండు బొమ్మాళీలున్నాయి. ఒకటి కోటబొమ్మాళి, రెండోది సంతబొమ్మాళి. చిన్నప్పుడు బస్సు బోర్డు సరిగా చదవక ఒకదానికి వెళ్ళాల్సినవాళ్ళు రెండోదానికి వెళ్ళేవాళ్ళని మా ఇంట్లో కథలుగా చెప్పుకునేవాళ్ళం. ప్లానింగ్‌లో పీజీ చెయ్యడానికి వెళ్ళిన మొదటి నెలలో ఆ రెండు పేర్లూ మళ్ళీ గుర్తొచ్చాయి. ఆ వారం మాకు చదవమని ఇచ్చింది జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ నగరం గురించి రాసిన వ్యాసం. ఆయన పోయాక 1921లో అచ్చయింది. ఒక ఊరిని నగరం అనాలంటే ఏమేం ఉండాలో అందులో ఒక జాబితా ఇస్తాడు. కోట ఉండాలి. సంత ఉండాలి. సొంత న్యాయస్థానం, కొంతవరకైనా సొంత చట్టం ఉండాలి. ఊరివాళ్ళంతా ఒక సంఘంగా కట్టుబడి ఉండాలి. తమ పాలన కొంతైనా తమ చేతిలో ఉండాలి.

నాకు నవ్వొచ్చింది. కోట మా ఊరి పేరులోనే ఉంది. సంత పక్క ఊరి పేరులో ఉంది, అది చాలదంటే మా మండలంలోనే నారాయణవలస పశువుల సంత ఉంది. జూనియర్ సివిల్ కోర్టూ ఉంది. 1890ల్లో మద్రాసు, కలకత్తాలను కలుపుతూ వేసిన రైలుమార్గం మీద స్టేషను, జాతీయ రహదారి, కొత్తమ్మతల్లి జాతరకి విరగబడే జనం, అన్నీ ఉన్నాయి. అయినా కోటబొమ్మాళి చట్టం దృష్టిలో గ్రామ పంచాయతీయే. థీసిస్‌కి మా ఊరు తీసుకుంటానంటే గైడు మెత్తగానే కాదన్నారు. "డేటా దొరకదమ్మా, ఏదైనా సిటీ తీసుకో." ఆయన తప్పు లేదు. నిజంగానే దొరకదు. ఎందుకు దొరకదు అన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న వెంట పడి నేను చదువుకున్నది.

ఊళ్ళు ఎలా కట్టాలో యూనివర్సిటీలో నేర్పించడం పెద్ద పాత సంగతేం కాదు. 1909లో ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో అందుకోసం ఒక విభాగం పెట్టారు. డబ్బిచ్చింది విలియం లీవర్. సన్‌లైట్, లైఫ్‌బాయ్ సబ్బుల లీవర్ ఆయనే. పత్రికల మీద పరువునష్టం దావా గెలిస్తే వచ్చిన డబ్బులోంచి ఇచ్చాడు. అప్పటికే తన కార్మికుల కోసం ఫ్యాక్టరీ పక్కన పోర్ట్ సన్‌లైట్ అనే ఊరు కట్టించినవాడు. బ్రిటన్‌లో మొదటి టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చిందీ ఆ 1909లోనే. అంటే ఈ చదువు పుట్టినప్పుడే దాని పక్కన భూమీ, పెట్టుబడీ, చట్టమూ మూడూ కూర్చుని ఉన్నాయి. ప్లానింగ్ వేరు, రియల్ ఎస్టేట్ వేరు అని ఇప్పుడు రెండు కోర్సులుగా చదువుతున్నాం గానీ, రెండూ ఒకే పురిట్లో పుట్టిన పిల్లలే.

మన దగ్గరికి ఈ చదువు ఒక స్కాట్లండు మనిషితో వచ్చింది. పాట్రిక్ గెడ్డిస్ అసలు వృక్షశాస్త్రజ్ఞుడు. మద్రాసు గవర్నర్ పెంట్లాండ్ పిలుపు మీద 1914లో బయల్దేరాడు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన నగరాల పటాలు, బొమ్మలు, చిత్తుప్రతులు ఒక ప్రదర్శనగా వేరే ఓడలో పంపించాడు. ఆ ఓడని ఎండెన్ ముంచేసింది. అదే ఏడాది సెప్టెంబరులో మద్రాసు మీద గుళ్ళు కురిపించిన జర్మన్ యుద్ధనౌక అదే. ఇంగ్లండులో స్నేహితులు మళ్ళీ సరంజామా పోగుచేసి పంపితే, 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన పెట్టగలిగాడు. తర్వాత ప్రెసిడెన్సీలోని ఊళ్ళు కాలినడకన తిరిగి నివేదికలు రాశాడు. అప్పుడు మా ఊరు గంజాం జిల్లాలో, అంటే అదే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది.

గెడ్డిస్ చెప్పినవాటిలో నాకు బాగా పట్టుకున్నవి రెండు. ఒకటి, ముందు ఊరిని పరీక్షించాలి, తర్వాతే మందు రాయాలి. అప్పటి ఇంజనీర్లు ఇరుకు వీధుల్ని చూడగానే మధ్యలోంచి పెద్ద రోడ్డు కొట్టేసేవాళ్ళు. ఆయన దానికి బదులు ఎంత తక్కువ కూలిస్తే అంత మేలనేవాడు. రెండోది చెరువుల సంగతి. మలేరియా భయంతో ఊరి చెరువుల్ని పూడ్చేద్దామంటే ఒప్పుకోలేదు. చెరువు ఊరికి చల్లదనం, వాననీరు నిలిచే చోటు, దోమల సంగతి చేపలూ బాతులూ చూసుకుంటాయన్నాడు. నూరేళ్ళ కిందటి మాట ఇది.

ఆయన తిరుగుళ్ళ తర్వాత 1920లో మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. పేర్లూ సవరణలూ మారుతూ ఆంధ్రాలో చాలాకాలం నడిచింది ఆ చట్టమే. దాన్ని రాసినవాళ్ళ కళ్ళముందు ఉన్నవి మునిసిపాలిటీలు. మా ఉత్తరాంధ్రలో అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. భీమిలి 1861లోనే మునిసిపాలిటీ అయ్యింది. ఓడరేవు, తెల్లదొరలు ఉన్నచోట అది త్వరగా వచ్చింది. మిగతా నేలంతా చాలావరకు జమీందారీల కింద ఉండేది. అక్కడ ఊరంటే శిస్తు వచ్చే పొలాలే తప్ప, మనుషులుండే వీధులు కావు.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. సర్వే, సెటిల్‌మెంట్ వాళ్ళు గొలుసులు పట్టుకుని పల్లెలకొచ్చారు. పొలం పొలానికీ కొలతలేసి, నంబర్లిచ్చి, పటాలు గీశారు. రైతులకు పట్టాలొచ్చాయి. అది చిన్న విషయం కాదు, దానికోసం జనం ఎన్నో ఏళ్ళు కొట్లాడారు. కానీ ఇళ్ళున్న చోటికి వచ్చేసరికి గొలుసు ఆగిపోయింది. ఊరంతటినీ కలిపి ఒక గీత గీసి 'గ్రామకంఠం' అని రాసేశారు. లోపల ఎవరిల్లు ఎంత, ఏ సందు ఎవరిది అన్నది కాగితంలో లేదు. శిస్తు పొలం నుంచి వస్తుంది గానీ అరుగు మీంచి రాదు కదా.

మా వైపు ఊళ్ళు చూసినవాళ్ళకి తెలుస్తుంది. ఎదురెదురుగా రెండు బారులు. గోడకి గోడ ఆనుకుని ఇళ్ళు, ముందు అరుగులు, వెనక్కి పొడుగ్గా పెరటిదాకా గదులు. ఒకరి గోడ ఇంకొకరికి ఆసరా. ఈ వరస ఇళ్ళల్లో ఎంత ఆలోచన ఉందో! ఇవాళ్టి నియమాల ప్రకారం ఇంటి చుట్టూ ఖాళీ వదిలి కట్టాలంటే మా వీధిలో చాలా ఇళ్ళు ఇళ్ళే కావు.

ఢిల్లీలో కూడా ఇలాంటిదే జరిగిందని తర్వాత చదివాను. 1908-09 ప్రాంతంలో రెవెన్యూవాళ్ళు పల్లెల ఇళ్ళ చుట్టూ ఎర్రగీత గీశారు. దాన్ని లాల్ డోరా అంటారు. నగరం పెరిగి పెరిగి ఆ పల్లెల్ని మింగాక కూడా ఆ గీత లోపల భవన నిబంధనలు వర్తించలేదు. 1955లో ఢిల్లీలో పెట్టిన స్కూల్ ఆఫ్ టౌన్ అండ్ కంట్రీ ప్లానింగే 1959లో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ అయ్యింది. మొదటి పేరులో టౌనూ ఉంది, కంట్రీ కూడా ఉంది. 1962లో ఢిల్లీ మాస్టర్ ప్లాన్ వచ్చి దేశానికంతటికీ నమూనా అయ్యింది. మేం చదివే పాఠాలు చాలావరకు దాని పిల్లలూ మనవలే. 2008లో విజయవాడలోనూ ఆ పేరుతో స్కూలు వచ్చింది. పేరులోంచి కంట్రీ ఎప్పుడు జారిపోయిందో ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

అసలు గీత ఎక్కడుందో రాజ్యాంగం తెరిస్తే కనిపించింది. 73, 74 సవరణలు 1992 చివర్లో ఆమోదం పొంది 1993లో అమల్లోకొచ్చాయి. పంచాయతీలకి ఇవ్వదగ్గ పనులు 29 అంటూ పదకొండో షెడ్యూలు, మునిసిపాలిటీలకి 18 అంటూ పన్నెండో షెడ్యూలు చేర్చారు. పన్నెండోదాంట్లో మొదటి అంశమే పట్టణ ప్రణాళిక. రెండోది భూ వినియోగాన్నీ భవన నిర్మాణాన్నీ నియంత్రించడం. పదకొండోదాంట్లో వ్యవసాయం ఉంది, చిన్నతరహా సాగునీరు ఉంది, చేపలున్నాయి, గ్రామీణ గృహనిర్మాణం ఉంది. ఊరు ఎటువైపు పెరగాలి, ఏ నేల దేనికి వాడాలి అన్నది మాత్రం 29 అంశాల్లోనూ లేదు. పల్లె మారదు, పొలం పొలంగానే ఉంటుంది అని అనుకున్నారేమో.

వెబర్ జాబితాలో మా ఊరికి తక్కువైంది ఇదే. సర్పంచిని ఎన్నుకుంటాం. ఊరి ఆకారం మాత్రం ఊరి చేతిలో లేదు.

మరి ఎవరి చేతిలో ఉంది? రెండో సెమిస్టర్లో ప్రాపర్టీ డెవలప్‌మెంట్ పేపర్ చదివినప్పుడు అర్థమైంది. అక్కడ ఒక లెక్క నేర్పుతారు. ప్లాట్లన్నీ అమ్మితే ఎంతొస్తుందో వేసుకో. అందులోంచి రోడ్లు, డ్రైన్లు, స్తంభాలు, అనుమతులు, వడ్డీ, నీ లాభం తీసెయ్. మిగిలిందే భూమికి ఇవ్వగలిగిన ధర. ఈ లెక్కలో వరి పొలం ఎప్పుడూ ఓడిపోతుంది. హైవే పక్కనైతే మరీను. 2000 తర్వాత మా రోడ్డు నాలుగు వరసలైంది. 2023 ఏప్రిల్లో సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టుకి శంకుస్థాపన జరిగింది. పొలాల్లో రంగురాళ్ళు లేచాయి. మా వైపు కుర్రాళ్ళు హైదరాబాదులోనూ చెన్నైలోనూ వేరేవాళ్ళ అపార్టుమెంట్లకు సెంట్రింగు కొట్టి సంపాదించిన డబ్బులు ఆ రాళ్ళ మధ్యకి తిరిగొస్తున్నాయి. ఊళ్ళో ఒక ప్లాటుండాలన్న వాళ్ళ ఆశని నేను తక్కువ చెయ్యలేను. ప్రభుత్వం 2020లో పల్లెల్లో పేదలకిచ్చిన ఇంటిస్థలం సెంటున్నర, అంటే 73 గజాల లోపు. కాస్త ఎక్కువ కావాలనుకోవడం తప్పెలా అవుతుంది?

పంచాయతీల్లో లేఅవుట్లకి 2002లో నియమాలొచ్చాయి. పదిశాతం ఖాళీ స్థలం పంచాయతీకి రాసివ్వాలి, రోడ్లు ఇంత వెడల్పుండాలి అని. మంచివే. చిక్కేమిటంటే, ప్రతి లేఅవుటూ ఒక ఫైలు. తన నాలుగు హద్దుల లోపల అన్నీ సక్రమంగానే ఉంటాయి. పక్క ఫైలుతో మాట్లాడదు. ఈ ఫైల్లో రోడ్డు ఆగినచోట ఆ ఫైల్లో ప్లాటు మొదలవుతుంది. పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోకి ఈమధ్య పల్లెలు కూడా చేరుతున్నాయి. కానీ వాళ్ళు పెద్ద పటం గీసేనాటికి, సగం గీతలు రాళ్ళ రూపంలో పడిపోయే ఉంటాయి.

ఇదంతా పుస్తకంలో చదువుకుంటూ ఉండగా, సెలవులకి ఇంటికెళ్తే చిన్నాన్న అడిగాడు. ఆయనకి రోడ్డువైపు 80 సెంట్ల పల్లం ఉంది. చుట్టూ మూడు వైపులా అమ్మేశారు.

"ఏటమ్మా, ఊళ్ళెలాగ కట్టాలో రెండేళ్ళబట్టి సదూతున్నావు కదా. సెప్పు మరి. అమ్మీమంటావా, ఉంచీమంటావా?"

నా దగ్గర లెక్క ఉంది. ఆ లెక్క అమ్మెయ్యమంటుంది. నోరు రాలేదు. గెడ్డిస్ గుర్తొచ్చాడు, ముందు పరీక్ష. "ఒకసారి పొలం చూద్దాం చిన్నాన్నా" అన్నాను.

సాయంత్రం గట్టు వెంట నడిచాం. రోడ్డు అవతలి నీరంతా తూము కిందనుంచి వచ్చి తన పొలం మూలన పడి, అక్కణ్ణుంచి గెడ్డలోకి పోతుందని చూపించాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఆ మూల తెగ్గొట్టకపోయుంటే వీధిలోకి వచ్చేసేదన్నాడు. ఇంటికొచ్చాక కాగితం, పెన్సిలు ఇచ్చి గియ్యమన్నాను. మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత గీశాడు. నీరెటొస్తుంది, ఎటుపోతుంది, ఎక్కడ రెండు రోజులు నిలుస్తుంది, పశువులు ఏ గట్టు దిగుతాయి. సర్వే పటంలో అవి లేవు. కొనడానికొచ్చినవాళ్ళ బ్లూప్రింట్లోనూ లేవు.

చిన్నాన్న అమ్ముతున్నాడు. చిన్నమ్మ మోకాళ్ళ ఆపరేషను, చెల్లి చదువు ఉన్నాయి. అమ్మొద్దని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పలేదు కూడా. ఒక షరతు మాత్రం పెట్టాడు. ఎలాగూ ఇవ్వాల్సిన ఆ పదిశాతం ఖాళీ స్థలం నీరు పారే మూలనే చూపించాలని. కొనేవాళ్ళు సులభంగానే ఒప్పుకున్నారు. పల్లం మూల ప్లాటు ఎలాగూ అమ్ముడుపోదట.

థీసిస్‌కి గైడు చివరికి సరేనన్నారు. మొదటి షీటుగా చిన్నాన్న గీసిన కాగితమే పెడుతున్నాను. పక్క లేఅవుట్ ఫైలు కూడా తెప్పించి చూశాను. నీరు మా హద్దు దాటి అడుగుపెట్టేచోట, అందులో ప్లాట్ నంబర్ 14 ఉంది.