మోక సీమ: పత్తి, పరపతి, పత్రము

హగరి యని జనవ్యవహారమున బరగు వేదవతీ తీరమున, నల్లరేగడి భూముల నడుమ నెలకొన్న మోక గ్రామము, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున జేరగా, తాను బళ్లారి తాలూకాతో మైసూరు పాలయ్యెను. ఎల్లలు మారినను తెనుగు పలుకు మారలేదు.

ఇచ్చటి చిన్న వ్యాపారమును శాసనబద్ధ మొనర్చు యత్నము క్రొత్తది కాదు. 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టము వడ్డీవ్యాపారికి ప్రత్యామ్నాయమును జూప, 1933 నాటి మద్రాసు వాణిజ్యపంటల విపణుల చట్టము పత్తి, వేరుసెనగ వంటి పంటల క్రయవిక్రయములకు నియమముల నేర్పఱచెను.

నేడు బళ్లారిలో జీన్సు కుట్టుపని యిండ్లయందును చిన్న కొట్లయందును, ముక్కకింత యను కూలికి సాగుచున్నది. ఒకచోట కత్తిరించిన గుడ్డ వేఱొకచోట కుట్టబడి, మఱొకచోట ఉతుకబడును గనుక, కుట్టువాని శ్రమ యే లెక్కలోను నిలువదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకై 2020 జూలై 1న మొదలైన ఉద్యమ్ నమోదు అట్టివానికి గుర్తింపు నొసగజాలును. అయినను సరసమైన ఋణమును, సకాలపు చెల్లింపును వెంట రానిచో నమోదుపత్రము కాగితమాత్రమే యగును.